దసరా తర్వాతి తాళంచెవులు

రవళి రోజూ తన డబ్బా కొట్టు తెరిచే ముందు చేతులు కడుక్కుంటుంది. ఇంట్లో జొన్నరొట్టెలు చేసి, గిన్నెలు తోమి, చిట్కుల్ నుంచి షేర్ ఆటోలో ఇస్నాపూర్ చౌరస్తాలో దిగేసరికి అవి ఒకసారి కడిగిన చేతులే. అయినా పక్కనున్న చాయ్ హోటల్ నల్లా దగ్గర నిలబడి సబ్బుతో మళ్లీ కడుగుతుంది. తర్వాత పాత నూలు గుడ్డతో ఒక్కో వేలూ, వేళ్ల సందులూ తుడుచుకుంటుంది. గోళ్ల కింద తడి లేదని నమ్మకం కుదిరాకే షట్టర్ పైకి లేపుతుంది. ఎవరి పెండ్లికి పోతున్నావని చాయ్ హోటలాయన అడుగుతాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

ఆ అలవాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఇంటర్ అయిపోయాక రవళి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కరెంటు మీటర్లు తయారుచేసే ఒక కంపెనీలో చేరింది. పొడవాటి బల్లకు ఇటూ అటూ అంతా ఆడవాళ్లే కూర్చుని సోల్డరింగ్ చేసేవాళ్లు. చేతికి చెమటో నూనో ఉంటే మీటరు లోపలి సర్క్యూట్ బోర్డు మీద వేలిముద్ర పడుతుంది. అప్పటికి ఏమీ కనిపించదు. కొన్ని నెలలు గడిచాక సరిగ్గా ఆ వేలిముద్ర ఉన్నచోటే పచ్చగా చిలుము పడుతుంది. లైన్‌లో కూర్చున్న ప్రతి అమ్మాయికీ ఈ సంగతి తెలుసు.

తల్లి మొగులమ్మ జీవితమంతా ఇతరుల పొలాల్లో నాట్లు వేసిన మనిషి. కూతురు రోజంతా నీడలో కూర్చుని, తల వంచుకుని, పొగ పీలుస్తూ ఏం చేస్తుందో ఆమెకు అర్థమయ్యేది కాదు. ఏం పనే అని అడిగితే అతుకులు వేసే పని అని చెప్పింది రవళి. మొగులమ్మ చాలాకాలం వాడకట్టులో తన బిడ్డ కుట్టుపని చేస్తుందనే చెప్పుకుంది.

తర్వాత ఆ అతుకులు వేసే మిషన్ వచ్చింది. ఆడవాళ్లను ప్యాకింగ్‌కు మార్చారు, అక్కణ్నుంచి ఇంటికి పంపారు. రవళి కొన్నాళ్లు ఖాళీగా ఉంది. భర్త కుమార్‌ది పైపుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. తానూ ఏదో ఒకటి చేయాలని పొద్దున్నే ఫ్యాక్టరీ గేట్ల ముందు కాంట్రాక్టర్ల కోసం నిలబడి చూసింది. పెళ్లయి, పిల్లలున్న ఆడవాళ్లను కాంట్రాక్టర్లు ఏమీ అనరు. చూసి, వాళ్ల పక్కనున్న మనిషిని పిలుస్తారు.

ఇస్నాపూర్ చౌరస్తాలో బాలప్పది తాళంచెవుల డబ్బా. ఆయన జహీరాబాద్ వైపు నుంచి వచ్చి, మొదట గొడుగు కింద, తర్వాత రేకుల డబ్బాలో, ఆకురాయితో తాళంచెవులు గీస్తూ ముసలివాడయ్యాడు. కార్లకు రిమోట్ తాళంచెవులు వచ్చాక ఆయనకు ఇబ్బంది మొదలైంది. ఇనుప భాగం విరిగితే చేసిస్తాడు. బటన్ పనిచేయడం లేదంటే మాత్రం ఇది నాతోని కాదు, షోరూముకు పో అనేవాడు.

రవళితో పాత ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక సూపర్‌వైజర్ తన కారు రిమోట్ బటన్ ఊడిపోతే చిట్కుల్ దాకా వచ్చి ఆమెతో అతికించుకున్నాడు. కొన్నాళ్లకు అదే తాళంచెవి ఇనుము వంగితే బాలప్ప దగ్గరికి తెచ్చాడు. బాలప్ప దాన్ని విప్పి, లోపలి అతుకును భూతద్దం పెట్టి చూసి, ఇది వేసిందెవరని అడిగాడు. ఆ వారంలోనే డబ్బాలో ఒక మూల రవళికి చిన్న బల్ల పడింది.

డబ్బాలో బాలప్ప పెట్టిన పద్ధతులు కొన్ని ఉండేవి. తాళంచెవి లోపల ఉన్నంతసేపు దాని యజమాని ఎదురుగా స్టూలు మీద ఉండాలి. ఇచ్చిపోతాను, పొద్దుగూకి వస్తాను అంటే తీసుకోడు. రిమోట్ విప్పే ముందు కారు ఒకసారి స్టార్ట్ చేసి చూపించాలి. ఎవరి తాళంచెవికీ నకలు చేసి ఉంచుకోకూడదు. ఎక్కడైనా కారు పోతే పోలీసులు ముందుగా వాకబు చేసేది తాళంచెవులు చేసేవాళ్లనే. బాలప్పనూ కొన్నిసార్లు స్టేషన్‌కు పిలిచారు. ఏ కారుకు ఏం చేశాడో ఉన్నది ఉన్నట్టు చెప్పి, వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చాడు.

బాలప్ప అన్న కొడుకు పాండు. తాళంచెవులు కోసే కంప్యూటర్ మిషన్ కొన్నాక దాన్ని నడపడానికి వచ్చాడు. పెళ్లయినవాడు, చురుకైనవాడు, మంచి మాటకారి. వచ్చినవాళ్లు మూలన కూర్చున్న ఆడమనిషిని చూసి వెనకాముందాడితే, అక్క కంపెనీల ట్రైనింగైంది, మీ షోరూమోళ్లే ఈడికి పంపుతరు అని నోటికొచ్చింది చెప్పి తాళంచెవి చేతిలోకి తీసుకునేవాడు. షోరూముల నుంచి ఎవరూ ఎవరినీ పంపేవాళ్లు కాదు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే రవళికి మొహమాటం. ఆ మాటలు తాను అనక్కర్లేదు కాబట్టి ఆమె కూడా ఊరుకునేది.

నిరుడు దసరాకు ముందు బాలప్పకు చూపు బాగా తగ్గింది. గీసిన గాడి చూపుకు ఆనక, గోటితో తడిమి చూసుకునేవాడు. ఆపరేషన్‌కు కూతురి దగ్గరికి జహీరాబాద్ వెళ్తూ ఇద్దరినీ నిలబెట్టి చెప్పాడు.

"ఇగ నా కండ్లు నన్ను కూసోనిస్తలేవు. పండుగ ఎల్లినంక వస్త. వచ్చి డబ్బా మీ ఇద్దర్ల ఎవలకో ఒగలకు అప్పజెప్త."

ఎవరికో చెప్పలేదు. పాండు సొంత రక్తం, మిషన్ నడిపేది అతనే, బయటివాళ్లకు తెలిసిన ముఖమూ అతనిదే. రవళికి ఉన్నదల్లా మూలనున్న బల్ల. డబ్బా పాండుదైతే ఆ బల్ల ఉంటుందో, దాని స్థానంలో ఇంకో మిషన్ వస్తుందో ఆమెకు తెలియదు. కుమార్‌తో ఈ మాట అంటే, నువ్వు కూడా నాలుగు మాటలు నేర్వరాదా అన్నాడు. అతను తప్పుగా ఏమీ అనలేదని ఆమెకూ అనిపించింది.

దసరా తర్వాతి వారం ఈ పనికి పెద్ద సీజన్. పండుగ నాడు అందరూ బండ్లు కడిగి, బంతిపూల దండలు వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. బండి వాకిట్లోనే ఉంటుంది. తాళంచెవి మాత్రం దేవత ముందుకు పోతుంది. కొడవలి, పార, స్పానర్, స్క్రూడ్రైవర్, అన్నిటి పక్కన పళ్లెంలో పెట్టి, తడి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడతారు. కొడవలికీ పారకూ దానితో ఏమీ కాదు. రిమోట్‌కు బటన్ల సందుల్లోంచి లోపలికి దిగుతుంది. కొబ్బరికాయ కొట్టేది కూడా ఆ పళ్లెం దగ్గరే. కొబ్బరినీళ్లు పసుపు కంటే చెడ్డవి. అందుకే ఆ వారం రవళి ప్రతి రిమోట్‌ను మూత విప్పగానే వాసన చూసేది. కొబ్బరి పులిసిన వాసన వస్తే పని ఎక్కువన్నమాట.

ఆ వారంలోనే ఒక పొద్దున లక్డారం నుంచి వెంకటేశం వచ్చాడు. ఊళ్లో భూములున్న పాత రైతు కుటుంబం. కొంత భూమి ప్లాట్లుగా పోయింది, మిగిలినదాంట్లో ఇంకా వరి వేస్తాడు. కారు ఆయన మరొకరి దగ్గర కొన్నది. అమ్మినవాళ్లు ఒక్క తాళంచెవే ఇచ్చారు, రెండోది ఎప్పుడో పోయిందట. వెంట భార్య అరుణమ్మ ఉంది. నిజానికి ఆమె రావాల్సిన పనేమీ లేదు. పసుపు రాసింది తాను కాబట్టి ఏమవుతుందో చూద్దామని వచ్చింది.

కారును సర్వీసు రోడ్డు అంచున ఆపి, దిగుతూనే వెంకటేశం సంగతి చెప్పాడు. కారు స్టార్ట్ అవుతోంది గానీ, బటన్ నొక్కితే తలుపులకు లాక్ పడడం లేదు. పండుగ నాడు ఈమె తాళంచెవికి తలంటు పోసిందని, పళ్లెంలో పట్టదు కాబట్టి కారు బతికిపోయిందని అన్నాడు. పాండు గట్టిగా నవ్వాడు. అరుణమ్మ కొంగు సర్దుకుని రోడ్డు వైపు చూసింది.

బాలప్ప లేడా అని వెంకటేశం అడిగాడు. పాండు ఎప్పటిలాగే కంపెనీ ట్రైనింగ్ కథ చెప్పాడు. వెంకటేశం ముందుగా పద్ధతి ప్రకారం కారు స్టార్ట్ చేసి చూపించాడు. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. ఆపి వచ్చి తాళంచెవిని కాసేపు చేతిలోనే ఉంచుకుని, "బిడ్డా, దీనికి జోడు లేదు, పైలంగ చెయ్యి" అని రవళికి ఇచ్చాడు.

మూత విప్పితే కొబ్బరి వాసన. బోర్డు మీద పచ్చటి చిలుము, పసుపు ముద్ద ఎండి మూలల్లో గట్టిపడి ఉంది. బటన్ కింది చిన్న స్విచ్ పూర్తిగా తినిపోయింది. రవళి బోర్డును స్పిరిట్‌తో తడిపి, మెత్తటి బ్రష్‌తో రుద్దడం మొదలుపెట్టింది.

బోర్డుకు ఒక చివర చిన్న కాయిల్ ఉంటుంది. వెంట్రుక కంటే సన్నటి రాగితీగ చుట్టలు చుట్టి ఉంటుంది. తాళంచెవి తనదే అని కారు గుర్తుపట్టేది ఆ కాయిల్ వల్లే. దాన్ని కారు గుర్తుపట్టకపోతే బటన్లు ఎంత బాగా పనిచేసినా ఇంజన్ అందుకోదు. రవళి ఎప్పుడూ ఆ కాయిల్ దాకా రాగానే బ్రష్ పక్కన పెట్టి దూదిపుల్ల తీసుకుంటుంది. ఆ పొద్దున వెనక ఇంకో ఇద్దరు తాళంచెవులు పట్టుకుని నిలబడి ఉన్నారు. పాండు జల్దీ అక్కా, జల్దీ అంటున్నాడు. ఆమె బ్రష్‌తోనే అటు కూడా రుద్దేసింది.

కొత్త స్విచ్ అతికించి, కొత్త బ్యాటరీ వేసి బటన్ నొక్కితే రోడ్డు మీద కారు లైట్లు వెలిగి ఆరాయి. వెంకటేశానికి సంతోషమైంది. తానే ఇంకో రెండుసార్లు నొక్కి చూసుకుని, వెళ్లి కారులో కూర్చున్నాడు. ఇంజన్ తిరిగింది, అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. అందుకోలేదు. స్టీరింగ్ వెనక ఎర్రటి తాళంచెవి గుర్తు ఒకటి ఆగకుండా మిణుకుతోంది. వెనక నుంచి వచ్చిన షేర్ ఆటోవాడు హారన్ కొట్టి, ఏదో అని, పక్క నుంచి పోయాడు.

పాండు కారు దాకా వెళ్లి చూశాడు. అతనికి క్షణంలో మాట దొరికింది. పసుపునీళ్లు లోపలి దాకా దిగినట్టున్నాయని, పై పని తాము చేశామని, లోపల ముందే పాడైనదానికి ఎవరూ ఏం చేయలేరని చెప్పాడు. చాలా మర్యాదగా చెప్పాడు.

వెంకటేశం దిగి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అరవలేదు. నవ్వుతున్నట్టుగానే భార్యతో మాట్లాడాడు. ఇక కారు తూకానికి అమ్మేసి ఆ డబ్బుతో పసుపు కొమ్ములు కొనుక్కోమన్నాడు. వచ్చే దసరాకు తన మొబైల్‌కూ టీవీకీ కూడా స్నానం చేయించమన్నాడు. వెనక నిలబడ్డవాళ్లలో ఒకడు నవ్వాడు. అరుణమ్మ మెల్లగా అంది.

"నిరుడు బండి మీదికెల్లి పడ్డవని, ఈసారన్న మంచిగుండాలని పెట్టిన. ఇంకెందుకు పెడత?"

రవళి ఈ మాటలు వింటూనే బోర్డును మళ్లీ లెన్స్ కింద పెట్టింది. కాయిల్ దగ్గర తీగ కొస తెగి పైకి లేచి ఉంది. చిలుముకు తినిపోయిన తీగ నల్లగానో పచ్చగానో ఉంటుంది, కొస పొడిపొడిగా రాలుతుంది. ఈ కొస ఎర్రగా, కొత్తగా మెరుస్తోంది. అది ఇప్పుడే తెగింది. తన బ్రష్‌కే తెగింది.

ఆ కొసను చూసి చెప్పగలిగినవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు. పాండుకు ఇనుము తెలుసు, కాయిల్ తెలియదు. పసుపు మాట ఇప్పటికే అందరి నోళ్లలో ఉంది. దాన్ని అలాగే ఉండనిస్తే తాను ఏమీ అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. చెబితే ఉన్న ఒక్క తాళంచెవినీ పాడుచేసిన ఆడమనిషి అని ఈ చౌరస్తాకంతా తెలుస్తుంది. జహీరాబాద్‌కూ తెలుస్తుంది. బాలప్ప రావడానికి ఎన్నో రోజులు లేవు. రవళి లెన్స్ మీద నుంచి తల ఎత్తింది.

"కాకా, చిన్నమ్మను ఏమనకుండ్రి," అంది. "గీ తీగ పసుపుకు తెగలే. నా బ్రష్‌కు తెగింది."

వెంకటేశానికి వెంటనే ఎక్కలేదు. అంటే ఏంది అని అడిగాడు.

"మీరు వచ్చినప్పుడు కారు నడిచింది. ఇప్పుడు నడుస్తలేదు. అది నా చేతులనే అయింది."

పాండు మిషన్ ఆపేశాడు. వెంకటేశం లేచి నిలబడ్డాడు. జోడు లేదని ముందే చెప్పానా లేదా అని అడిగాడు. బాలప్ప ఉంటే తాళంచెవి ఈమె చేతికి ఇచ్చేవాడినా అన్నాడు. షోరూముకు పోతే పాత యజమాని కాగితాలు తెమ్మంటారని, ఆ మనిషి ఎక్కడున్నాడో కూడా తనకు తెలియదని, అప్పటిదాకా కారును ఈ రోడ్డు మీదే పండబెట్టాలా అన్నాడు. అన్నీ నిజాలే. తీగ అతుకుతుందేమో చూస్తానని, అతుకుతుందని మాట మాత్రం ఇవ్వలేనని రవళి చెప్పింది.

అప్పటిదాకా రోడ్డు వైపు చూస్తున్న అరుణమ్మ ఇటు తిరిగింది.

"ఇన్నవా? పొద్దటిసంది నా పసుపును ఊరంత సాటింపేస్తివి," అంది మొగుడితో. "ఇగ కూసో. పని చెయ్యనియ్యి."

ఆమె ఇంకో స్టూలు లాక్కుని రవళి బల్ల పక్కనే కూర్చుంది. వెంకటేశం కూర్చోలేదు గానీ, తాళంచెవి తీసుకుని వెళ్లిపోనూ లేదు. రోడ్డు మీద కారు దగ్గర నిలబడి, హారన్ కొట్టినవాళ్లందరికీ పక్క నుంచి పొమ్మని చెయ్యి ఊపుతూ ఉన్నాడు. మిగిలిన ఇద్దరిలో ఒకతను తన తాళంచెవి జేబులో వేసుకుని, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

రవళి మళ్లీ బోర్డు మీదికి వంగింది. ఆగమని అరుణమ్మ తన సీసాలోంచి నీళ్లు ఇచ్చింది. తాగి, చేతులు మళ్లీ తుడుచుకుని, కాయిల్‌కు చుట్టిన తీగలోంచి ఒక్క చుట్టు విప్పింది. ఆ తీగ మీద కంటికి కనిపించని పూత ఉంటుంది, దాన్ని కాల్చితే గానీ అతుకు పట్టదు. ఎక్కువ కాల్చితే తీగే పోతుంది. సోల్డరింగ్ మొనను అలా తాకించి తీసింది. మొదటిసారి తీగ ముక్క విరిగిపోయింది. ఇంకో చుట్టు విప్పింది. అరుణమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆమె ఊపిరి మళ్లీ వదిలేసరికి తీగ బోర్డుకు అంటుకుని ఉంది. కరెంటు పారుతోందో లేదో చూసే మీటరు పుల్లలు రెండు వైపులా పెడితే కుయ్‌మంది.

ఈసారి రవళే తాళంచెవి తీసుకుని కారు దాకా వెళ్లి వెంకటేశం చేతిలో పెట్టింది. ఆయన కూర్చుని తిప్పాడు. ఇంజన్ తిరిగింది, ఒక్క క్షణం వెనకాడి, అందుకుంది. ఎర్ర గుర్తు ఆరిపోయింది. ఆపి మళ్లీ స్టార్ట్ చేశాడు. మళ్లీ అందుకుంది. స్విచ్ పనికి ఎంతని అడిగితే రవళి తీసుకోనంది. ఆయన బలవంతం చేయలేదు, మెచ్చుకోనూ లేదు. అరుణమ్మ ఎక్కుతూ, లక్డారం దిక్కు వస్తే ఇంటికి రమ్మని చెప్పింది. కారు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పాండు రవళితో, తాను గట్టుకు చేర్చిన పడవను ఆమె మళ్లీ నీళ్లలోకి తోసిందని అన్నాడు. ఎదుటివాళ్లు అడగని తప్పును మనమే ఎందుకు నెత్తినేసుకోవాలని అడిగాడు. అతని గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది. తర్వాత హోటల్ వెనక్కి వెళ్లి బాలప్పకు ఫోన్ చేశాడు. జరిగింది జరిగినట్టే చెప్పాడు. అది చాలనుకున్నాడు. రవళికీ అలాగే అనిపించింది. ఇంటికెళ్లి కుమార్‌తో, బల్ల ఖాళీ చేయాల్సి వస్తుందేమో అంది.

బాలప్ప నల్లద్దాలు పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. పండుగ వారం అయిపోయి డబ్బా దగ్గర జనం పలచబడ్డారు. ముందు రవళితో, ఆ తర్వాత పాండుతో, జరిగినదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. ఇద్దరూ చెప్పింది ఒకటే. చాయ్ తెప్పించుకుని తాగాడు.

"పాండూ, నీ మాట మంచిగుంటదిరా. ఏడ కూసున్నా బతుకుతవు," అన్నాడు. "గాని రేపు ఏదో కారు పోతది. పోలీసోళ్లు వచ్చి డబ్బా ముందట నిలవడ్తరు. మనల్ని కాపాడనీకె నువ్వు ఒక మాట చెప్తవు. ఆ మాటను కాపాడనీకె ఇంకో మాట గావాలె. ఈమె అయిందేందో గదే చెప్తది. ఈ డబ్బాల కూసునేటోళ్లకు గంతే గావాలె."

పాండు ముఖం మాడింది. ఇంటివాడి కన్నా బయటివాళ్లే ఎక్కువైనట్టుంది బాపూ అన్నాడు. కోసే మిషన్ మాత్రం నువ్వే తీసుకో అన్నాడు బాలప్ప. మిషన్ లేకపోతే డబ్బాకు వచ్చే పని సగానికి సగం పోతుందని రవళికి తెలుసు. పాండు మరుసటి రోజే ట్రాలీ ఆటో తెచ్చి మిషన్ ఎక్కించుకున్నాడు. ఎక్కించేటప్పుడు రవళి ఒక పక్క పట్టుకుంది. అతను వద్దనలేదు.

మొదటి కొన్ని నెలలు కష్టంగానే గడిచాయి. వచ్చినవాళ్లు తొంగిచూసి, బాలప్ప లేడా, పాండు లేడా అని అడిగి, వెళ్లిపోయేవాళ్లు. చూసి వెళ్లిపోయేవాళ్లను పిలవడం రవళికి చేతకాలేదు, ఇప్పటికీ చేతకాదు. ఆగినవాళ్లకు మాత్రం పని మొదలుపెట్టే ముందే చెబుతుంది, ఇందులో ఏది తన చేతిలో పాడయ్యే అవకాశం ఉందో, ఏది ముందే పాడై ఉందో. అది విని కొందరు తాళంచెవి వెనక్కి తీసుకుంటారు. కొందరు స్టూలు మీద కూర్చుంటారు. వెంకటేశం మళ్లీ రాలేదు. ఆయన ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఎవరు పంపారని ఆమె అడగలేదు.

ఇప్పుడు ఆ డబ్బా రవళే నడుపుతోంది. ఇనుము కోయాల్సిన పని వస్తే పటాన్‌చెరులో మిషన్ పెట్టుకున్న పాండు దగ్గరికి పంపుతుంది. రిమోట్ విప్పాల్సిన పని వస్తే అతను ఇటు పంపుతాడు. ఆదివారం డబ్బా మూసి ఉంటుంది. ఇన్ని కార్ల తాళంచెవులు బాగుచేసినా రవళికి ఇప్పటికీ కారు నడపడం రాదు.